పెన్నుకు రెండు, గేటుకు ఒకటి

ప్రశ్న: మేడమ్ గారూ, మాది నల్లగొండ జిల్లా హాలియా దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయ్యాక ఇంటి దగ్గరే ట్యూషన్ చెప్తున్నాను. నాలుగో తరగతి నుంచి ఎనిమిది దాకా పద్దెనిమిది మంది వస్తారు, ఎక్కువ మంది సర్కారు బడి పిల్లలే. ఇంగ్లీషులో మాట చివర ‘ఇంగ్’, ‘ఈడీ’ చేర్చాల్సి వస్తే చాలు, అందరూ తడబడుతున్నారు. రన్నింగ్‌లో ఒకే ఎన్ రాస్తారు, మేకింగ్ మధ్యలో ‘ఈ’ అక్షరం ఉంచేస్తారు, క్రైడ్‌లో వై అలాగే వదిలేస్తారు. యూట్యూబ్‌లో చూసి రూల్స్ అన్నీ చార్ట్ మీద రాసి గోడకు అంటించాను, బట్టీ కూడా పట్టించాను. రూల్ అడిగితే గడగడా అప్పజెప్తారు. డిక్టేషన్ పెడితే మళ్లీ అవే తప్పులు. ‘రూల్ యాదికున్నది టీచర్, రాసేటప్పుడు యాదికొస్తలేదు’ అంటున్నారు. సిలబుల్స్, అంటే మాటలోని పలుకుముక్కలు, ఆరు రకాలట, అవి కూడా చెప్పాలా? లేక ఇవన్నీ వదిలేసి ఒక్కో స్పెల్లింగూ పదిసార్లు రాయించాలా? నాకే టెన్షన్‌గా ఉంది.

సమాధానం: అమ్మా, మీ పిల్లలు ఉన్నమాటే చెప్పారు. రూల్ వాళ్లకు యాదికే ఉంది. ఏ మాటకు ఏ రూల్ పట్టుకోవాలో తెలియక చిక్కుబడుతున్నారు. ‘ఒక సిలబుల్, ఒక అచ్చు, చివర ఒక హల్లు ఉంటే ఆ హల్లును రెండు చేయాలి’ అని అప్పజెప్పే పిల్లకు, తన ముందున్న మాటలో అచ్చు పొట్టిగా పలుకుతోందో పొడుగ్గా పలుకుతోందో వినబడాలి కదా. ఆ వినికిడి రాకముందే మనం చార్ట్ అంటిస్తాం. నేనూ చాలా ఏళ్లు అంతే చేశాను.

మక్తల్ వైపు ఒక హైస్కూల్లో పనిచేసిన రోజుల్లో ఏడో తరగతి అమ్మాయి ఒక పేరా రాసింది. వాళ్ల నాయిన ముంబైకి బిల్డింగ్ పనికి పోయాడు, పీర్ల పండుగకు వస్తానన్నాడు. ‘మా నాయినను చూస్తానని ఆశపడుతున్నా’ అని ఇంగ్లీషులో రాయబోయి, హోపింగ్‌లో రెండు పీలు పెట్టింది. అప్పుడది హాపింగ్ అయిపోయింది. తొక్కుడుబిళ్ల ఆటలోలాగా నాయిన కోసం ఒంటికాలి మీద దుంకుతున్నా అన్నట్టు. నేను ఎర్రపెన్నుతో ఒక పీ కొట్టేశాను. పిల్ల ఊరుకోలేదు. ‘ఇంగ్ వస్తే డబుల్ చేయాలని మొన్న మీరే చెప్పిండ్రు కదా మేడం’ అంది. నిజమే, నేనే చెప్పాను. అంతకుముందు వారం రన్నింగ్, సిట్టింగ్, కట్టింగ్ వరుసగా చెప్పి, హోప్ లాంటి మాటను పక్కన పెట్టకుండా వదిలేశాను. ఒకే రకం మాటలు ఇరవై చూపిస్తే పిల్లలు రూల్ నేర్చుకోరు, అలవాటు నేర్చుకుంటారు. ఆ రోజు నుంచి మాట చివర చేర్చే ఇంగ్, ఈడీ లాంటి తోక ఏది నేర్పినా హాప్, హోప్ లాంటి జంట మాటలతోనే మొదలుపెట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మీ పిల్లల నోట్లో ఈ రూల్ ఇప్పటికే ఉంది. ఇంగ్లీషు మాటలను మనం తెలుగు చేసుకున్నప్పుడు చివర ‘ఉ’ తగిలిస్తాం. పెన్ పెన్ను అవుతుంది, కప్ కప్పు, సెట్ సెట్టు, హిట్ హిట్టు, క్లిప్ క్లిప్పు. క్రికెట్ ఆడే పిల్లగాడు ‘ఒక్క రన్ను కావాలె’ అంటాడు. అదే గేట్‌ను గేట్టు అనం, గేటు అంటాం. రేటు, నోటు, కేసు, లైను, సీటు కూడా అంతే. ఎందుకిలా అని ఎవరూ మనకు నేర్పలేదు. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లుకు ఒత్తు పడుతుంది, పొడుగుదైతే పడదు. ఇంగ్లీషు చేసేదీ ఇదే. మన తోక ‘ఉ’, వాళ్ల తోకలు ‘ఇంగ్’, ‘ఈడీ’, ‘ఈఆర్’. రన్ను అన్నచోట రన్నింగ్‌కు రెండు ఎన్‌లు, సెట్టు అన్నచోట సెట్టింగ్‌కు రెండు టీలు. నోటు అన్నచోట నోటింగ్‌కు ఒకటే టీ, రేటు అన్నచోట రేటింగ్‌కు ఒకటే. ఫోన్‌లో యాప్‌కు స్టార్లు ఇచ్చే రేటింగ్ మీ ఎనిమిదో తరగతి పిల్లలకు మీకన్నా బాగా తెలుసు.

రెండు హల్లులు ముందే ఉన్న మాటలకూ మన నోరే దారి చూపిస్తుంది. పంపు, బల్బు, టెస్టు, బాక్సు, వీటిలో అప్పటికే సంయుక్తాక్షరం ఉంది, ఇంకో ఒత్తుకు చోటు లేదు. అందుకే పంపింగ్, టెస్టింగ్, బాక్సింగ్‌లలో ఏదీ రెండు కాదు. బాక్స్ చివర కనిపించేది ఎక్స్ అనే ఒకే అక్షరమైనా, పలికేది క, స రెండూ.

ఒక్క జాగ్రత్త. ఇంగ్లీషువాళ్లు రన్నింగ్ అన్నప్పుడు ‘న’ను మనలాగా నొక్కి పలకరు. రెండో ఎన్ కంటికి గుర్తు మాత్రమే, ముందున్న అచ్చు పొట్టిది అని చెప్పడానికి. రాతకు మన ఒత్తు పనికొస్తుంది, ఉచ్చారణకు కాదు. ఈ తేడా పెద్ద తరగతుల వాళ్లకు చెప్పండి, నాలుగో తరగతికి అక్కర్లేదు.

మన చెవి మోసం చేసే చోటు కూడా ఉంది. తప్పులు ఎక్కువ పుట్టేది అక్కడే కాబట్టి కొంచెం ఆగి చెప్తాను. షాపు, స్టాపు, ప్లాను, బ్యాగు. ఇవి ఇంగ్లీషులో పొట్టి అచ్చు ఉన్న మాటలే. కానీ ఆ ‘ఏ’, ‘ఓ’ అక్షరాలు పొట్టిగా పలికినప్పుడు కూడా మన చెవికి దీర్ఘంలా వినబడతాయి. అందుకే మనం షాప్పు అనం, షాపు అంటాం. పిల్లలు ఆ చెవితోనే షాపింగ్‌కు ఒక పీ, స్టాప్డ్‌కు ఒక పీ, ప్లానింగ్‌కు ఒక ఎన్ రాస్తారు. మీ పిల్లల పాత నోట్‌బుక్కులు తీసి చూడండి. రన్నింగ్ కన్నా షాపింగ్, స్టాప్డ్ దగ్గరే ఎక్కువ ఎర్రగీతలు కనిపిస్తాయని నా అంచనా. దీనికి నేను వాడిన ఉపాయం చిన్నది. ‘షాపు పేజీ’ అని నోట్‌బుక్కులో ఒక పేజీ విడిగా పెట్టించాను. షాప్, స్టాప్, డ్రాప్, చాప్, హాప్, ప్లాన్, క్లాప్, గ్రాబ్, ఇలాంటివి కనిపించినప్పుడల్లా అందులో చేర్చాలి. ఈ పేజీలోని మాటలన్నీ తెలుగులో పొడుగు, ఇంగ్లీషులో పొట్టి. రెండు వారాలకు పేజీ నిండుతుంది. ఆ తర్వాత పిల్లలే ‘ఇది షాపు పేజీది’ అనడం మొదలుపెడతారు.

ఎదురు మోసం కూడా ఒకటుంది. బుక్కు అంటాం కాబట్టి బుకింగ్‌లో కే రెండుసార్లు రాస్తారు. హెడ్డు అంటాం కాబట్టి హెడింగ్‌లో డీ రెండు. ఇక్కడ కంటికి పని చెప్పాలి. బుక్‌లో ఓలు రెండు, హెడ్‌లో ఈ, ఏ రెండు అచ్చులు. రెండు అచ్చులుంటే చివరి హల్లు రెండు కాదు. రోడ్డు కూడా ఈ గుంపులోదే, పైగా దీర్ఘం ఉన్నా ఒత్తు పెట్టించుకున్న మొండి మాట. ముందు చెవి, ఆ తర్వాత కన్ను, ఈ వరుస తప్పకండి.

ఇప్పుడు మీరడిగిన ఆరు రకాల సిలబుల్స్. చదవడంలో బాగా ఇబ్బందిపడే పిల్లల కోసం శామ్యూల్ ఆర్టన్ అనే అమెరికా వైద్యుడు, ఆనా గిల్లింగ్‌హామ్ అనే టీచర్ 1930ల్లో ఒక పద్ధతి తయారుచేశారు. సిలబుల్‌ను రకాలుగా విడదీసి నేర్పడం ఆ దారిలో నడిచినవాళ్ల ద్వారానే ఎక్కువగా వ్యాపించింది. మంచి పద్ధతి. కానీ ఆ ఆరు పేర్లు టీచర్ తెలుసుకోవడానికి, పిల్లలు అప్పజెప్పడానికి కాదు. మీ పిల్లలకు ముందు మూడు చాలు: తలుపు తెరిచినది, తలుపు మూసినది, చివర పలకని ‘ఈ’ అక్షరం ఉన్నది. వాటికీ ఇంగ్లీషు పేర్లు అక్కర్లేదు.

దీన్ని పలకలతో ఆడించండి. ఒక పిల్ల చేతిలో హెచ్, ఇంకో పిల్ల చేతిలో ఓ. ఇద్దరూ పక్కపక్కన నిలబడితే ‘హో’. ఓ తర్వాత అడ్డం ఎవరూ లేరు, తలుపు తెరిచి ఉంది, అందుకని ఓ తన పేరు తానే పొడుగ్గా చెప్పుకుంటుంది. గో, నో, షీ, మీ అన్నీ ఇంతే. ఇప్పుడు పీ పలక పట్టుకున్న పిల్లగాడు వచ్చి తలుపు మూస్తాడు. ‘హాప్’. ‘ఓ’ గొంతు పొట్టిదైపోయింది. వెనకాల ‘ఈ’ అక్షరం ఉన్న పలకతో ఒకమ్మాయి వచ్చి నిలబడుతుంది. నోరు మెదపకూడదు, వేలు పెదవి మీద పెట్టుకోవాలి. ఆమె రాగానే ఓ మళ్లీ పొడుగు. ‘హోప్’. చివరికి ‘ఇంగ్’ అని రాసిన అట్టతో ఇంకొకడు వస్తాడు. ‘ఈ’ పలక పట్టుకున్న అమ్మాయి కూర్చుంటుంది, పీ ఒక అడుగు జరిగి ఇంగ్‌తో కలిసిపోతుంది: హో, పింగ్. తలుపు తెరిచే ఉంది, ఓ పొడుగ్గానే ఉంది. ఇప్పుడు హాప్‌కు ఇంగ్ కలపమనండి. ఉన్న ఒక్క పీ ఇంగ్ దగ్గరికి పోతే తలుపు తెరుచుకుంటుంది, హాప్ కాస్తా హోప్ అయిపోతుంది. తలుపు మూసి ఉండాలంటే ఇంకో పీ కావాలి. ఆ రెండో పీ కోసం పిల్లలు వాళ్లంతట వాళ్లే అరుస్తారు. మా ఏడో తరగతిలో ఆ అరుపుకు పక్క క్లాసు సార్ వచ్చి తొంగి చూశారు.

ఈ ఆట ఆడిన పిల్లలకు డిన్నర్‌లో ఎన్‌లు ఎందుకు రెండో, డైనింగ్‌లో ఎందుకు ఒకటో మీరు చెప్పనక్కర్లేదు. హైవే మీద బస్సులో పోతూ ఒక హోటల్ బోర్డు మీద డైనింగ్ హాల్‌కు రెండు ఎన్‌లు చూశాను. అక్షరాల ప్రకారం చదివితే అది డిన్నింగ్ హాల్, అంటే చెవులు గింగురుమనే గోల చేసే చోటు. భోజనాల వేళ కాబట్టి బోర్డు తప్పేం కాదేమో. టైటిల్ మధ్యలో ఒక టీ, లిటిల్ మధ్యలో రెండు టీలు అన్నదీ ఇదే తలుపు కథ. ఇలాంటివి ఐదో తరగతి పైవాళ్లకు చూపించండి. ఆ ఆరు రకాల్లో మిగిలిన ఆర్ కలిసినవి, అచ్చుల జంటలు వచ్చే ఏడాది చూసుకోవచ్చు.

పలకని ‘ఈ’ అక్షరం గురించి పెద్ద పిల్లలు ‘పలకనప్పుడు ఎందుకు రాయాలె’ అని అడుగుతారు. అడగాలి కూడా. జవాబు ఉంది. ఒకప్పుడు పలికేవాళ్లు. ఇప్పుడు నేమ్ అనే మాట వెయ్యేళ్ల కింద ఇంగ్లీషులో ‘నామ’. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘నామం’ దానికి దాయాది. తర్వాత అది ‘నామె’ అయింది, చివరి ఈ నోట్లో వినబడేది. కాలక్రమంలో తోక పలకడం మానేశారు, ముందున్న అచ్చు పలుకు కూడా మారింది. కాక్స్‌టన్ అనే ఆయన 1476లో ఇంగ్లండ్‌కు అచ్చుయంత్రం తెచ్చాక అక్షరాలు మెల్లగా స్థిరపడ్డాయి, పలుకు మాత్రం మారుతూనే పోయింది. అచ్చులో మిగిలిపోయిన ఆ ఈ ఇప్పుడు ముందున్న అచ్చుకు కాపలా కాస్తోంది.

ఆ ఈ ఎప్పుడు పోతుంది, ఎప్పుడు ఉంటుంది అన్నదానికి మన ఉత్వసంధి గుర్తుచేయండి. ‘వాడు’కు ‘ఎవడు’ కలిస్తే ‘వాడెవడు’. వెనక అచ్చు వచ్చింది కాబట్టి ఉ పోయింది. ‘వాడు వచ్చె’ అంటే వెనక హల్లు ఉంది, ఉ ఎక్కడికీ పోదు. హోప్‌కు ఇంగ్ కలిస్తే వెనక అచ్చు, ఈ పోతుంది. ఫుల్ కలిస్తే వెనక ఎఫ్ అనే హల్లు, ఈ ఉంటుంది. కేర్, కేరింగ్, కేర్‌ఫుల్. యూజ్, యూజింగ్, యూజ్‌ఫుల్. తెలుగు క్లాసులో సంధి సూత్రం బట్టీపట్టి విసిగిపోయిన పిల్లలకు అది ఇంకోచోట పనికొచ్చిందంటే కాస్త సంబరం. నోటీసబుల్, చేంజబుల్‌లలో మాత్రం ఈ పోకుండా ఉంటుంది, సీని స లాగా, జీని జ లాగా పలికించడానికి. ట్రూలీ, ఆర్గ్యుమెంట్ మాటల్లో వెనక హల్లు ఉన్నా ఈ పోయింది. ఈ రెండూ కంఠతా పట్టాల్సినవే.

వై సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇంగ్లీషు మాట చివర ఐ ఉండటం అరుదు, ఆ చోట వై కూర్చుంటుంది. తోక తగిలి వై మధ్యలోకి వస్తే మళ్లీ ఐ అవుతుంది: క్రై, క్రైడ్, హ్యాపీ, హ్యాపీనెస్. ఇంగ్ వస్తే వై అలాగే ఉండాలి, లేకపోతే రెండు ఐలు పక్కపక్కన పడతాయి. వైకి ముందు అచ్చు ఉంటే, ప్లే, ప్లేడ్ లాగా, దాన్ని కదిలించొద్దు. సెడ్, పెయిడ్, లెయిడ్ మాత్రం మాట విననివి.

ఈడీ తోక పలుకు విషయం రాతకు సంబంధించినదే, ఎందుకంటే పిల్లలు విన్నట్టు రాసి జంప్ట్‌కు టీ పెడతారు. ఒక్క తోక మూడు గొంతులతో పలుకుతుందని చెప్పండి: జంప్ట్‌లో ట్, ప్లేడ్‌లో డ్, వాంటెడ్‌లో ఇడ్. టీ, డీ చివర ఉన్న మాటలకే ఇడ్. మూడింట్లో ఎలా పలికినా రాత ఒకటే.

రెండు సిలబుల్స్ ఉన్న క్రియల దగ్గర మాత్రం రూల్ చెప్పకండి. బిగినింగ్‌కు ఎన్ రెండు, ఓపెనింగ్‌కు ఒకటే. కారణం, బిగిన్‌లో రెండో భాగాన్ని ఒత్తి పలుకుతారు, ఓపెన్‌లో మొదటి భాగాన్ని. మన తెలుగులో మాటలోని ఒక భాగాన్ని అలా ఒత్తి పలకడం మీద అర్థం ఆధారపడదు కాబట్టి పిల్లల చెవికి ఆ తేడా అందదు. నాకే రేడియో వార్తలు విని విని చాలా ఆలస్యంగా అందింది. రెండు చేయాల్సినవి బిగిన్, ఫర్గెట్, అడ్మిట్, ప్రిఫర్, అకర్. చేయకూడనివి ఓపెన్, విజిట్, లిజన్, హాపెన్, ఆఫర్. ఈ పది మాటలకు మాత్రం మీరన్న పదిసార్ల వైద్యం చేయొచ్చు, పదిసార్లూ ఒకేరోజు కాకుండా. ట్రావెలింగ్‌కు బ్రిటిష్ పద్ధతిలో ఎల్‌లు రెండు, అమెరికా పద్ధతిలో ఒకటి. నోవా వెబ్‌స్టర్ తన నిఘంటువులతో అమెరికా స్పెల్లింగులను వేరు చేసిపెట్టిన ఫలితం ఇలాంటివి. ఫోన్ ఒక ఎల్‌ను సరైనదని చూపించినా, పరీక్షలో రెండే రాయమనండి.

రోజూ ఎలా నడపాలంటారా, పది నిమిషాలు చాలు. రెండు వారాలు ఒక్క తోకే. సర్కారు బడి పుస్తకాల్లో 2022-23 నుంచి పాఠం తెలుగులోనూ ఇంగ్లీషులోనూ పక్కపక్కన ఉంటోంది కదా, మాటలు వాటిలోంచే తీసుకోండి. సైన్స్ పాఠంలో మెల్టింగ్, ఫ్రీజింగ్, మిక్సింగ్ దొరుకుతాయి. మొదటిది చివర రెండు హల్లులున్న మాట, రెండోది పలకని ‘ఈ’ పోయినది, మూడోది ఎక్స్ ఉన్నది. డిక్టేషన్‌కు ఐదు మాటలకు మించొద్దు, అందులో కనీసం ఒక జంట ఉండాలి. తప్పు రాస్తే కొట్టేయకుండా ‘తోకకు ముందు ఏం వినబడ్డది?’ అని ఒక్క ప్రశ్న అడగండి. పెన్సిల్ పట్టుకుని పెదవులు కదుపుతూ మాటను లోపల పలుక్కుంటున్న పిల్లను చూస్తే తొందరపెట్టకండి. ఆమె సరిగ్గా ఆ పనే చేస్తోంది.

చార్ట్ సంగతి. ఊడదీయకండి. ఫీజు ఇవ్వడానికి వచ్చిన తల్లిదండ్రులు ముందు చూసేది గోడనే. పిల్లల వీపులు మాత్రం అటు ఉండేట్టు కూర్చోబెట్టండి.